ధైర్యం చెప్పకండి, రోడ్డు నేర్పండి

మీ చుట్టాల్లో, స్నేహితుల్లో లైసెన్సు ఉండి కూడా కారు నడపనివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్ళికి ముందో, ఉద్యోగం వచ్చిన కొత్తలోనో డ్రైవింగ్ స్కూల్లో చేరి, ట్రాక్ మీద పాసై, ఆ కార్డు తెచ్చి బీరువాలో పెట్టినవాళ్ళు నాకు తెలిసి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆడవాళ్ళే అనుకోకండి. మగవాళ్ళూ ఉన్నారు, పైకి చెప్పుకోరంతే. క్యాబ్ దొరుకుతుంది, మెట్రో ఉంది, ఇంట్లో ఇంకొకరు నడుపుతారు, అలా ఏళ్ళు గడిచిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడో అవసరం పడుతుంది. నడిపే మనిషికి వేరే ఊరు బదిలీ అవుతుంది, లేదా పెద్దవాళ్ళను వారంవారం ఆస్పత్రికి తిప్పాల్సి వస్తుంది. అప్పుడు తాళం చేతిలో పెట్టి అందరూ ఒకటే మాట అంటారు: "ఏం కాదు, ధైర్యంగా నడుపు."

ఆ మాటతోనే నాకు పేచీ. భయపడుతున్న మనిషికి ధైర్యం చెప్పడం మంచి ఉద్దేశమే, కాదనను. కానీ అందులో ఒక తీర్పు ఉంది: నీకు పని వచ్చు, గుండె చాలడం లేదు అని. స్కూటీ మీద రోజూ కూకట్‌పల్లి ట్రాఫిక్‌ను ఈదుకుంటూ ఆఫీసుకు వెళ్ళొచ్చే మనిషికి గుండె చాలకపోవడమేమిటి? ఆమెకు రానిది కారు పని. ఎవరూ పూర్తిగా నేర్పని పని. నేర్పిన కాస్తా ఏళ్ళ తరబడి వాడక చేజారిన పని. దాన్ని మళ్ళీ ముక్కలు ముక్కలుగా చేతికి, కాలికి, కంటికి నేర్పితే భయం తనంతట తనే తగ్గుతుంది. ముందు భయం పోనీ, తర్వాత నడుపుతాను అని కూర్చుంటే ఆ ముహూర్తం ఎప్పటికీ రాదు.

నేను ఖమ్మంలో లైసెన్సు తీసుకున్నాను. తర్వాత హైదరాబాదు వచ్చి నిజాంపేటలో కాపురం పెట్టాక పదేళ్ళకు పైగా స్టీరింగ్ ముట్టుకోలేదు. అమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ జరిగి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఊళ్ళో ఎక్కడికైనా నేనే నడుపుకుంటూ వెళ్తున్నాను. ఈ మధ్యలో ఏం జరిగిందో చూస్తే, ధైర్యం పాత్ర చాలా తక్కువ.

అసలు మనకు నేర్పిందెంత? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సొంత వాహనం నడిపేవాళ్ళకు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదంటాయి. అందులో చేత్తో బండి నడిపే సమయం కనీసం 10 గంటలు ఉండాలి. నేను నేర్చుకున్నప్పుడు కారులో ముగ్గురం ఎక్కేవాళ్ళం, ఒకరు నడుపుతుంటే ఇద్దరం వెనక కూర్చునేవాళ్ళం. రోజూ అదే రోడ్డు, అదే సమయం. అవే నిబంధనల్లో 15వది, పరీక్షలో అభ్యర్థి ఏమేం చేసి చూపాలో వరసగా చెబుతుంది. నిటారు ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి దొర్లకుండా మళ్ళీ కదిలించడం అందులో ఉంది. మలుపు తిరిగేముందు అద్దం చూసుకుని సిగ్నల్ ఇవ్వడం ఉంది. ఇంకో బండిని దాటడం, మనల్ని దాటనివ్వడం, ఎదురొచ్చే బండ్ల దారికి అడ్డంగా వెళ్ళడం, అన్నీ ఉన్నాయి. రాసినవాళ్ళకు రోడ్డు తెలుసు. కానీ ట్రాక్ మీద మనం చేసి చూపేది హెచ్, ఎనిమిది, ఎస్ ఆకారాల్లో బండి తిప్పడం. ఖాళీ ట్రాక్‌లో దాటడానికి ఇంకో బండి ఉండదు, ఎదురొచ్చేవాడు ఉండడు, వెనక నుంచి హారన్ కొట్టేవాడూ ఉండడు. అక్కడ పాసైన మనిషి రోడ్డు మీద తడబడితే ఆశ్చర్యపోవాల్సింది ఏముంది?

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. స్కూలు కారులో ఇన్‌స్ట్రక్టర్ వైపు కూడా పెడల్స్ ఉంటాయి. అవి ఉండాలన్నది నిబంధన, ఉండడమే న్యాయం. కానీ ఇరుకు సందర్భం వచ్చిన ప్రతిసారీ మనకంటే ముందు ఆయన కాలు పడుతుంది. ఆటో అడ్డం వస్తే ఆయన బ్రేకు నొక్కుతాడు, బండి ఆగిపోబోతే ఆయన క్లచ్ అందుకుంటాడు. కారు సాఫీగా సాగిపోతుంటే మనకు వచ్చేసిందనుకుంటాం. కష్టమైన ఆ రెండు క్షణాల్లో కారు ఎవరి కాలితో నడిచిందో మనకు తెలియదు. సొంత కారులో మొదటిసారి ఒంటరిగా కూర్చున్నప్పుడు కలిగే ఆ బెదురు నిజమే చెబుతోంది: ఈ పని నువ్వింకా ఒక్కదానివీ చేయలేదు అని.

బెదరడానికి రోడ్లు కూడా కారణమే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491 అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 70 శాతానికి పైగా అతివేగం వల్లనే. ఇలాంటి రోడ్ల మీదికి వెళ్ళడానికి జంకే మనిషిని పిరికివాళ్ళ కింద జమకట్టడం అన్యాయం. మెల్లగా, ఎడమ పక్కన, చూసుకుంటూ వెళ్ళేవాళ్ళ వెనక హారన్లు మోగుతాయి నిజమే, కానీ ఆ లెక్కలో ఎక్కువ ప్రాణాలు తీసింది వాళ్ళు కాదు.

అయితే భయాన్ని గౌరవించడం వేరు, దానికి కారు తాళం అప్పగించడం వేరు. కారు తీయాలనుకుని, చివరి నిమిషంలో క్యాబ్ పిలిస్తే ఒక్కసారిగా ప్రాణం తేలికపడుతుంది. ఆ తేలికే చిక్కు. మానుకోవడం వల్ల హాయి కలిగిందని మనసు నేర్చుకుంటుంది, మరుసటిసారి ఇంకా తొందరగా మానుకుంటుంది. అందుకని మానకుండా చేయగలిగినంత చిన్న పనిని ఎంచుకోవాలి. ఎంత చిన్నదంటే, కారు గేటు కూడా దాటనంత.

మా అపార్ట్‌మెంటు సెల్లార్ గురించి చెబితే ఈ మాట బాగా తెలుస్తుంది. హైదరాబాదులో చాలామందికి రోడ్డు కంటే ముందొచ్చే పరీక్ష ఈ సెల్లారే. పార్కింగులోంచి బయటికి తీయగానే స్తంభం చుట్టూ కుడికి తిరగాలి, తిరిగీ తిరగకముందే ర్యాంపు. ఆ స్తంభం మీద ఎన్ని కార్ల రంగులు అంటుకున్నాయో, తెలుపు, ఎరుపు, బూడిద గీతలు నడుం ఎత్తు దాకా ఉంటాయి. ర్యాంపు చివర నేరుగా రోడ్డు. ఎత్తు మీదే ఆగి, అటూ ఇటూ చూసి, స్కూలు బస్సును పోనిచ్చి, మళ్ళీ కదలాలి. కింద వాచ్‌మన్ నిలబడి "రానీయండి మేడమ్, రానీయండి, ఫుల్ కొట్టండి" అంటుంటాడు. వెనక ఇంకో కారు వచ్చి ఆగుతుంది. క్లచ్ కాస్త తొందరగా వదిలితే బండి ఆగిపోతుంది, ఆలస్యం చేస్తే వెనక్కి జారుతుంది. మా బ్లాకులో ఇద్దరు ఆడవాళ్ళు కారు మానేసింది ఈ ర్యాంపు వల్లనే. రోడ్డెక్కితే వాళ్ళకు ఇబ్బంది లేదు.

మా బాబాయ్ ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నా సంగతి విని ఒక ఆదివారం మధ్యాహ్నం, సెల్లారంతా నిద్రపోతున్న వేళ వచ్చాడు. "ఇవాళ బయటికి పోయేది లేదు తల్లీ, ఈ ర్యాంపే మన రోడ్డు" అన్నాడు. ర్యాంపు మధ్యలో కారు ఆపించి హ్యాండ్‌బ్రేకు వేయించాడు. మొదటి గేరు. ఎడమ కాలు మెల్లగా, మెల్లగా పైకి. ఒకచోట ఇంజను గొంతు మారుతుంది, బరువెక్కుతుంది. బానెట్ ముందుభాగం వెంట్రుకవాసి పైకి లేస్తుంది. సీటు కింద సన్నగా వణుకు తెలుస్తుంది. "ఆ, అక్కడే. కాలు అక్కడే ఉంచు. ఇప్పుడు బండి నీ మాట వినడానికి సిద్ధంగా ఉంది. కొంచెం రేజ్ ఇచ్చి హ్యాండ్‌బ్రేకు దించు." దించాను. కారు వెనక్కి జారలేదు. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. క్లచ్ కాలిన వాసన వస్తే ఆపి, పైకి వెళ్ళి టీ తాగి వచ్చేవాళ్ళం. సాయంత్రానికి ఆ వణుకు ఎక్కడ మొదలవుతుందో నా పాదానికి తెలిసిపోయింది, కుట్టుమిషన్ మీద కూర్చున్నవాళ్ళ కాలికి సూది వేగం తెలిసినట్టు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తులు తర్వాత పెద్ద విషయమనిపించలేదు. అక్కడ వెనక ఆటో జానెడు దూరంలో వచ్చి ఆగినా పాదం చేయాల్సిన పని అదే.

ఆ మధ్యాహ్నం బాబాయ్ ఒక్కసారి కూడా "భయపడకు" అనలేదు.

స్కూటీ నుంచి కారుకు వచ్చేవాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది, ఒక ఇబ్బంది ఉంది. ట్రాఫిక్ నాడి వాళ్ళకు తెలుసు. ఏ ఆటో ఎటు కోస్తుందో, బస్టాప్ ముందు బస్సు ఎలా అడ్డం తిరుగుతుందో, సందులోంచి చూడకుండా వచ్చే బైకు ఎక్కడ దూరుతుందో కళ్ళకు ముందే తెలుస్తుంది. కొత్తగా కారే నేర్చుకునేవాళ్ళకు ఇది రావడానికి చాలాకాలం పడుతుంది. ఇబ్బందల్లా వెడల్పుతోనే. స్విఫ్ట్ కారు వెడల్పు, పక్క అద్దాలు కాకుండా, 1,735 మిల్లీమీటర్లు. స్కూటీ అందులో సగం కూడా ఉండదు. పైగా మనం కుడివైపు కూర్చుంటాం, ఎడమ చక్రం ఎక్కడుందో కంటికి కనిపించదు. అందుకే కొత్తవాళ్ళు ఎడమ పక్కకు భయపడి రోడ్డు మధ్యకు జరుగుతూ పోతారు, హారన్లు తింటారు.

దీనికి మందు ఖాళీ నీళ్ళ సీసా. ఖాళీ రోడ్డు మీద సీసా పడుకోబెట్టి, దాని మీదుగా ఎడమ ముందు చక్రం పోనివ్వాలి. మొదట్లో మూర దూరంలో తప్పుతుంది. దిగి చూసుకుని, మళ్ళీ వెనక్కి తీసుకుని ప్రయత్నిస్తే ఎప్పుడో ఒకసారి టప్‌మని చప్పుడు వినిపిస్తుంది. అంతకుముందు సీసా ముందు అద్దంలోంచి ఎక్కడ కనిపించి మాయమైందో గుర్తుపెట్టుకుంటే, వైపర్ మొదట్లోనో, డ్యాష్‌బోర్డు మధ్యలోనో, అదే మీ ఎడమ చక్రం దారి. రోడ్డు అంచు తెల్లగీత మీద కూడా ఇదే చేయవచ్చు. కొలత కన్ను పట్టుకున్నాక ఇరుకు సందులో చేతులు బిగుసుకోవు.

ఇక పక్క సీటు గురించి. నా అనుభవంలో ఏళ్ళ తర్వాత స్టీరింగ్ పట్టిన మనిషికి అతి పెద్ద ఆటంకం పక్కన కూర్చున్న సొంతమనిషి. మా ఆయన మంచి డ్రైవరు, నా మీద ప్రేమ ఉన్నవాడు. అయినా నా పక్కన కూర్చుంటే ఆయన కుడికాలు లేని బ్రేకును నొక్కుతూనే ఉండేది, చెయ్యి పైన హ్యాండిల్ వదిలేది కాదు. "అటు చూడు, బైకు, బైకు, ఆపు" అనేవాడు. ఆ మాట నా చెవిన పడేసరికి బైకు వెళ్ళిపోయి ఉండేది, నేను మాత్రం ఆయన చూపించిన వైపు చూస్తూ ముందున్న కారును వదిలేసేదాన్ని. నడిపేవాళ్ళ చూపు ఒకటే. దాన్ని పక్కవాళ్ళు లాక్కుంటే రోడ్డుకు మిగలదు. ఇది ఇల్లాళ్ళకే పరిమితం కాదు, తండ్రి పక్కన కూర్చున్న కొడుకులదీ ఇదే వ్యథ.

బాబాయ్ పద్ధతి వేరుగా ఉండేది. బండి ఆగి ఉన్నప్పుడే చెప్పేవాడు. కదిలాక మాట్లాడితే రెండు ముక్కలే: ముందు రాబోయేది ఏమిటో ఒకసారి, అయిపోయాక ఏం జరిగిందో ఒకసారి. ఎక్కువసార్లు అన్న మాట మాత్రం ఒకటుంది: "చూపు దూరం పెట్టు తల్లీ. దగ్గరి సంగతి నీ కన్ను ఇందాకే చూసేసింది." 1972లోనే అమెరికాలో మౌరంట్, రాక్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు డ్రైవర్ల కంటి కదలికలను నమోదు చేసి ఇదే గమనించారు. కొత్తవాళ్ళ చూపు బండి ముందు దగ్గరలోనే, ఇరుకుగా తిరుగుతుంది, అద్దాల మీదికి తక్కువగా పోతుంది. అనుభవం ఉన్నవాళ్ళ చూపు దూరంగా, విశాలంగా పోతుంది. బస్సు నడిపి నేర్చుకున్న మనిషి ఆ పరిశోధన చదవలేదు, అదే మాట చెప్పాడు. చూపు దూరం పోయిన రోజు నుంచి కారు మెల్లగా నడుస్తున్నట్టు అనిపించడం మొదలవుతుంది. స్పీడోమీటరు అదే చూపిస్తుంది, తొందర మాత్రం పోతుంది.

హైదరాబాదులో ఇప్పుడు చాలా కూడళ్ళు మూసేసి యూటర్నులు పెట్టారు కాబట్టి దానికి ప్రత్యేకంగా సాధన కావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది. ఆగి ఉన్న కారు యూటర్ను పూర్తిచేయడానికి ఐదారు సెకన్లయినా కావాలి. అంటే ఎదురు బండి వంద మీటర్ల అవతల ఉంటేనే మనకు ఖాళీ ఉన్నట్టు. వెనకవాడి హారన్ ఈ లెక్కను మార్చదు. నాకు హారన్ల భయం తగ్గింది ఈ లెక్క తెలిశాకే. ముందంతా వాడికి తెలిసిందేదో నాకు తెలియదనుకునేదాన్ని.

ఆటోమేటిక్ కొనుక్కోమని చాలామంది సలహా ఇస్తారు. మంచి సలహానే. 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ గేర్లు, అంటే క్లచ్ పని బండే చూసుకునే గేర్లు, మామూలు ధరల కార్లలోకి వచ్చినప్పటి నుంచి అది అందుబాటులో ఉన్న మాటే. ఎడమ కాలికి పని లేకపోతే మనసులో సగం బరువు దిగుతుంది. మాన్యువల్ నడిపితేనే డ్రైవరు అనే మాటలు పట్టించుకోనక్కర్లేదు. కానీ వెడల్పు, చూపు, యూటర్ను దూరం ఆ గేరు నేర్పదు. హిల్ హోల్డ్ (ఎత్తు మీద బండిని కాసేపు పట్టి ఉంచే ఏర్పాటు) లేని ఏఎంటీ అయితే ఎత్తు మీద బ్రేకు వదలగానే అది కూడా వెనక్కి జారుతుంది. కారు మారిస్తే భయం పోతుందనుకుని కొన్నవాళ్ళు, ఆ కారుకు కూడా కవరు కప్పి పెట్టడం నేను చూశాను.

సాధనకు చోటు, సమయం ముఖ్యం. ఊరి చివర వెంచర్ల రోడ్లు, ఇళ్ళు లేవని, ఉదయం పూట బాగుంటాయి. అన్నిటికంటే మంచి కాలం సంక్రాంతి. నగరం సగం ఊళ్ళకు వెళ్ళిపోయిన ఆ మూడు నాలుగు రోజులు హైదరాబాదు రోడ్లంత దయగా మరెప్పుడూ ఉండవు. మామూలు రోజుల్లో వణుకు పుట్టించే బయోడైవర్సిటీ కూడలి, పంజగుట్ట ఫ్లైఓవరు ఆ రోజుల్లో నింపాదిగా చదువుకోవచ్చు. ఏ లేన్ ఎటు చీలుతుందో ఒకసారి తెలిశాక, రద్దీలో కొత్తగా తెలుసుకోవాల్సింది తక్కువ. ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మాత్రం మొదట్లో వద్దంటాను. ద్విచక్ర వాహనాలు లేవు, సిగ్నళ్ళు లేవు అని కొత్తవాళ్ళను అక్కడికి తీసుకెళ్తారు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద స్టీరింగ్ పని తక్కువే, కానీ వేగంగా వచ్చే బండ్ల వరసలోకి వేగం పెంచుతూ కలవడం అద్దాల మీద పూర్తి పట్టు ఉన్నవాళ్ళ పని.

బీరువాలోంచి కార్డు తీయగానే తేదీ చూసుకోండి. 2019 సవరణ తర్వాత గడువు దాటి ఏడాది గడిస్తే మళ్ళీ పరీక్ష పెడతారు, అంతకుముందు ఐదేళ్ళ వెసులుబాటు ఉండేది. చెల్లని లైసెన్సుతో నడిపి ఏదైనా జరిగితే బీమా క్లెయిము కూడా ఇరకాటంలో పడుతుంది. కారు బీమాలో జీరో డిప్రిసియేషన్, అంటే విడిభాగాల తరుగుదల కోయకుండా డబ్బిచ్చే ఏర్పాటు, ఉంటే ఇంకా మంచిది. గీతలు పడతాయి. పడనివ్వండి. కొత్త కారుకు గీత పడుతుందని ఇంట్లో ఒక మనిషిని ఏళ్ళ తరబడి పక్క సీటుకే కట్టేయడం ఏ రకంగానూ లాభం కాదు.

జపాన్‌లో లైసెన్సు ఉండి నడపనివాళ్ళ కోసం డ్రైవింగ్ స్కూళ్ళు విడిగా కోర్సులు నడుపుతాయి. బ్రిటన్‌లో 1995 నుంచి పాస్ ప్లస్ అని ఒక శిక్షణ ఉంది. పరీక్ష పాసైన తర్వాత తీసుకునేది, కనీసం ఆరు గంటలు: ఊళ్ళో, పల్లె రోడ్డు మీద, వానలో, రాత్రిపూట, మోటార్‌వే మీద. అంటే లైసెన్సు తర్వాత కూడా నేర్పాల్సింది ఉందని అక్కడ ఒప్పుకున్నారు. మన దగ్గర కూడా 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాల్లో కారు కోర్సు 29 గంటలు, అందులో 21 గంటలు నడపడమే. కొత్తవాళ్ళకు ఇది మంచి మార్పు. పాతవాళ్ళ కోసం మన డ్రైవింగ్ స్కూళ్ళు చేయాల్సింది ఇంతకంటే తేలిక. మా ఇంటికి రండి, మా కారులోనే కూర్చోండి, మా సెల్లార్ ర్యాంపు, మా పిల్లల స్కూలు దారి, మా ఆఫీసు పార్కింగు నేర్పండి. స్కూలు కారులో ఎనిమిది మళ్ళీ వేయించకండి. నేర్పేది ఆడమనిషి అయితే ఇంకా చాలామంది ముందుకొస్తారు. దానికి డబ్బులిచ్చేవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంటులో ఉన్నారు.

ఇంట్లోవాళ్ళు చేయగలిగింది కూడా ఉంది. ఆదివారం ఉదయం తాళం ఇవ్వండి. పక్కన కూర్చుంటే నోరు కట్టేసుకోండి, కూర్చోలేకపోతే ఓపిక ఉన్న ఇంకొకరిని కూర్చోబెట్టండి. వారానికొకసారి కాకుండా రోజూ కాస్తంత, కూరగాయల దాకా అయినా సరే, వెళ్ళనివ్వండి. మధ్యలో వారాలు వదిలేస్తే పాదం మళ్ళీ మరిచిపోతుంది.

నాకు రాత్రి హైవే ఇంకా మిగిలే ఉంది. ఎదురుగా హైబీమ్‌తో వచ్చే లారీ వెలుగును చూడకుండా ఎడమ అంచు తెల్లగీత పట్టుకుని పోవాలని బాబాయ్ చెప్పాడు. వినడానికి సులువుగానే ఉంది, కన్ను మాత్రం వెలుగు వైపే పోతుంది. వచ్చే నెలలో చీకటి పడ్డాక విజయవాడ హైవే మీద సూర్యాపేట దాకా వెళ్ళి, అక్కడ భోంచేసి, తిరిగి రావాలని అనుకున్నాం. పోను నేను, రాను కూడా నేనే.